క్యాన్సర్ ఇంటి జబ్బా? కాకినాడ శాస్త్రవేత్త రాజు కుచెర్లపాటి పరిశోధన నుండి ఒక పాఠం



క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజున వార్డులో మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఒకటి రోగి అడిగేది: "సిస్టరమ్మా, నేను బతుకుతనా?" రెండవది ఇంటివారు మమ్మల్ని వరండాలోకి పిలిచి మెల్లగా అడిగేది: "ఇది మా పిల్లలకు గూడ వస్తదా?" మొదటిదానికి డాక్టరు గారు జవాబు చెబుతారు. రెండవదానికి రౌండ్స్ మధ్యలో రెండు మాటల్లో జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఈ నెల పాఠం దాని మీద రాస్తున్నాను.

చిత్రమేమిటంటే, అదే ఇంటివారిని కేసు షీటు రాసేటప్పుడు "మీ వాళ్ళలో ఇంతకు ముందు ఎవరికైనా క్యాన్సర్ ఉండెనా?" అని అడిగితే, "ఎవ్వరికి లేదమ్మా" అని వెంటనే అంటారు. రెండు రోజుల తరువాత క్యారియర్ తెచ్చిన మేనత్త నోటి వెంట అసలు సంగతి వస్తుంది. పెద్దనాయన నలభై దాటీ దాటకుండానే "కడుపుల గడ్డ"తో పోయాడని, నాయనమ్మకు గర్భసంచి తీసేశారని తెలుస్తుంది. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఉంటుంది. సంబంధం చెడిపోతుందని వారి భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. "ఆ ఇంట్ల ఆ రోగం ఉంది" అనే మాట గద్వాలలో పుడితే వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా ఎంత త్వరగా చేరుతుందో మనకు తెలుసు. అయితే దాచిపెట్టిన ఆ ఒక్క సంగతి డాక్టరుకు ఎంత అవసరమో తెలిస్తే మనం దాచే ముందు ఇంకొకసారి ఆలోచిస్తాము. అది తెలుసుకోవడానికి మన తెలుగువాడే అయిన ఒక శాస్త్రవేత్త జీవితమంతా చేసిన పని చాలా సహాయపడుతుంది.

రాజు కుచెర్లపాటి గారు 1943లో కాకినాడలో జన్మించారు. అక్కడి పిఠాపురం రాజా ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ., 1962లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. 1972లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. తరువాత యేల్, ప్రిన్స్‌టన్, షికాగో, న్యూయార్క్, చివరకు 2001లో హార్వర్డ్ వైద్య కళాశాల. కాలేజీల పేర్లు ఇక్కడితో చాలు. ఆయన ఏమి వెదికారన్నది మనకు ముఖ్యం.

పహాణీ రాసే పట్వారీ

ముందు జన్యువు అంటే ఏమిటో చూద్దాము. 1990 ప్రాంతంలో మేము నర్సింగ్ డిప్లొమా చదివేటప్పుడు ఈ విషయం పుస్తకంలో కొద్దిగానే ఉండేది. ఇప్పుడు ఓపీలో కూర్చునే రోగి కూడా "జీన్ టెస్టు" అనే మాట వింటున్నాడు.

మన శరీరంలోని ప్రతి కణంలో డి.ఎన్.ఎ. అనే ఒక పెద్ద రాత ఉంటుంది. అందులో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఆ రాత 23 జతల క్రోమోజోములుగా, అంటే 23 జతల పుస్తకాలుగా విడివడి ఉంటుంది. ప్రతి జతలో ఒక పుస్తకం తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. ఒక పని చేయించే రాతభాగాన్ని జన్యువు అంటాము. అలాంటివి మనలో సుమారు 20,000 ఉన్నాయి.

కణం రెండుగా చీలే ప్రతిసారి ఈ మొత్తం రాతకు నకలు తయారు కావాలి. పట్వారీల కాలం గుర్తున్న పెద్దలకు ఇది సులువుగా తెలుస్తుంది. ఏటేటా పాత పహాణీ చూసి కొత్తది చేతితో రాసేవారు. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక సర్వే నంబరు తప్పు పడేది. తరువాత దాన్ని సరిచూసేవాడు ఒకడు ఉండాలి. మన కణాల్లో కూడా అలా సరిచూసి దిద్దే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన నాలుగింటి పేర్లు ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2. ఈ పేర్లు బట్టీ పట్టనవసరం లేదు. రిపోర్టులో కనబడితే గుర్తు పడితే చాలు.

దిద్దేవాడు లేకపోతే తప్పులు పేరుకుపోతాయి. ముఖ్యంగా ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట. 1000000 అని రాసేటప్పుడు ఒక సున్నా ఎక్కువో తక్కువో పడినట్లు. కొన్నేళ్ళకు ఆ తప్పుల్లో ఏదో ఒకటి కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువు మీద పడుతుంది. అప్పుడు ఆ కణం ఆగకుండా చీలడం మొదలుపెడుతుంది. క్యాన్సర్ అంటే అదే.

ఇక్కడ ఒక సంగతి తప్పక చెప్పాలి. చాలా క్యాన్సర్లలో ఈ తప్పులు రోగి జీవితకాలంలో, ఆ ఒక్క అవయవంలోని కణాల్లో పడినవే. బీడీ, తంబాకు, గుట్కా, మద్యం, వయసు పైబడటం, కొన్ని వైరస్‌లు కారణాలు. ఆ తప్పులు పిల్లలకు పోవు. తల్లిదండ్రుల నుండి పుట్టుకతో వచ్చిన దోషం వలన కలిగే క్యాన్సర్లు మొత్తం మీద నూటికి 5 నుండి 10 వరకే ఉంటాయి. అంటే వార్డులో అడిగే రెండవ ప్రశ్నకు చాలా ఇళ్ళలో జవాబు "లేదు" అనే. మిగిలిన ఆ కొద్ది ఇళ్ళు ఏవో కనిపెట్టడమే అసలు పని.

కుట్టుపని చేసే స్త్రీ చెప్పిన మాట

1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కుట్టుపని చేసుకునే ఒక యువతి, ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజీ డాక్టరుతో తన బాధ చెప్పుకున్నది. మా వాళ్ళందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారు, నేనూ అలాగే పోతాను అన్నది. ఆయన ఆ మాట కొట్టిపారేయకుండా ఆ కుటుంబం వివరాలు ఒక్కొక్కటిగా రాసుకొని 1913లో ప్రచురించారు. ఆ యువతి అన్నట్లే గర్భసంచి క్యాన్సర్‌తో మరణించింది. 1966లో హెన్రీ లించ్ అనే డాక్టరు అలాంటి పెద్ద కుటుంబాలను మరల పరిశీలించి, ఇది వంశంలో వచ్చేదే అని గట్టిగా చెప్పారు. అందుకే నేడు దీన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. ఆమె కుటుంబంలో ఉన్న అసలు దోషం ఎం.ఎస్.హెచ్.2 జన్యువులో ఉందని 2000లో తేలింది. ఒక చదువురాని పల్లెటూరి తల్లి కూడా "మా ఇంట్ల ఇట్ల పోతున్నరు" అని చెప్పగలదు. వినేవాళ్ళు రాసుకోవాలి, అంతే.

కుచెర్లపాటి గారి పని ఈ కథలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాము.

యేల్‌లో ఆయన ఫ్రాంక్ రడిల్ అనే శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. అక్కడ మనిషి కణాన్ని ఎలుక కణంతో కలిపి ఒకే కణంగా పెంచేవారు. అలా పెరిగేటప్పుడు మనిషి క్రోమోజోములు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఏది రాలినప్పుడు ఏ గుణం పోయిందో చూసి, ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో గుర్తించేవారు. చాలా ఓపికతో కూడిన పని.

తరువాతి పెద్ద అడుగు 1985లో పడింది. అప్పటివరకు కణంలోకి కొత్త డి.ఎన్.ఎ.ను పంపితే అది ఎక్కడ పడితే అక్కడ అతుక్కునేది. ఆలివర్ స్మిథీస్ గారు, కుచెర్లపాటి గారు, వారి సహచరులు కలిసి మనిషి కణంలో, రక్తానికి సంబంధించిన బీటా గ్లోబిన్ జన్యువు ఉన్న సరిగ్గా అదే చోట కొత్త రాతను చేర్చగలిగారు. మొత్తం పహాణీలో ఒక్క సర్వే నంబరు దగ్గరికే వెళ్ళి దిద్దినట్లు. ఈ పద్ధతి ఎదిగి, కావలసిన జన్యువును తీసివేసిన ఎలుకలను తయారు చేసే విద్య అయింది. ఆ విద్యకు 2007లో స్మిథీస్, కపెక్కి, ఇవాన్స్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు. ఆ 1985 వ్యాసంలో మన కాకినాడ పేరు ఉందని మాత్రం మన పిల్లలకు చెప్పవచ్చు.

1989లో ఆయన న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు వెళ్ళారు. అక్కడ విన్‌ఫ్రీడ్ ఎడెల్‌మన్ తదితరులతో కలిసి, దిద్దే జన్యువులు లేని ఎలుకలను తయారు చేశారు. 1996లో ఎం.ఎల్.హెచ్.1 లేని ఎలుకలు, 1997లో ఎం.ఎస్.హెచ్.6 లేని ఎలుకలు. ఆ ఎలుకలకు పేగులలోనూ, లింఫ్ గ్రంథులలోనూ క్యాన్సర్లు వచ్చాయి. ఒక కుటుంబంలో కనబడిన జబ్బుకు ఈ జన్యువు కారణం కావచ్చు అనే అనుమానం, ఈ జన్యువు పోతే ఈ జబ్బు వస్తుంది అనే రుజువుగా మారింది.

మేనరికాల గురించి ఒక మాట

ఈ ఎలుకల సంగతి మన ప్రాంతానికి ఇంకొక విధంగా కూడా పనికి వస్తుంది. లించ్ సిండ్రోమ్‌లో తల్లి లేక తండ్రి నుండి ఒక్క దోషపు ప్రతి వస్తే చాలు, ముప్పు ఉంటుంది. రెండవ మంచి ప్రతి ఉన్నంతకాలం దిద్దే పని నడుస్తుంది. ఎప్పుడో ఏదో ఒక కణంలో అది కూడా చెడిపోతే అక్కడ క్యాన్సర్ మొదలవుతుంది. అందుకే ఇది పెద్దయ్యాక, సాధారణంగా 50 ఏళ్ళ లోపు, కనబడుతుంది. దోషం ఉన్నవారి ప్రతి బిడ్డకు, కొడుకైనా కూతురైనా, అది సంక్రమించే అవకాశం సగం. బయటి సంబంధం చేసుకున్నా, మేనరికం చేసుకున్నా ఈ సగం మారదు.

కానీ మేనమామ కూతురిని చేసుకున్న ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ అదే దోషం ఉంటే, ఒక బిడ్డకు రెండు ప్రతులూ దోషంతోనే రావచ్చు. ఆ ఎలుకలకు జరిగినట్లే. అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే మెదడు గడ్డలు, రక్త క్యాన్సర్, పేగు క్యాన్సర్ రావచ్చు. ఇది చాలా అరుదు. అయినా ఇంట్లో పేగు క్యాన్సర్ చరిత్ర ఉండి, మేనరికం కూడా ఉంటే డాక్టరుకు ఆ రెండూ కలిపి చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ప్రయోజనం ఉండదు.

పన్నెండవ పుస్తకం, ఒక మందు

మనిషి డి.ఎన్.ఎ. మొత్తాన్ని చదివే ప్రపంచ ప్రయత్నంలో కుచెర్లపాటి గారి బృందం 12వ క్రోమోజోము పటం తయారీలో పని చేసింది. ఆ ప్రయత్నం 2003లో పూర్తయినట్లు ప్రకటించారు. ఈ 12వ క్రోమోజోము మీదనే కేరాస్ అనే జన్యువు ఉంది. దాని పేరు గుర్తు పెట్టుకోండి, డబ్బు సంగతి దానితో ముడిపడి ఉంది.

ఇదే కాలంలో ఆయన స్థాపకులలో ఒకరుగా ఉన్న సెల్ జెనిసిస్, ఆబ్జెనిక్స్ అనే సంస్థలు ఇంకొక పని చేశాయి. యాంటీబాడీ అంటే మన శరీరం శత్రువును పట్టుకోవడానికి తయారు చేసుకునే పదార్థం. దాన్ని మందుగా వాడాలని చాలాకాలం ఎలుకలలో తయారు చేశారు. కానీ మనిషి శరీరం ఎలుక యాంటీబాడీని పరాయిదిగా గుర్తించి ఎదురు తిరిగేది. అందుకని ఎలుకలోని యాంటీబాడీ జన్యువులను పనిచేయకుండా చేసి, వాటి స్థానంలో మనిషి జన్యువులను పెట్టారు. ఆ ఎలుక తయారు చేసేది మనిషి యాంటీబాడీనే. ఆ విధంగా వచ్చిన పానిటుముమాబ్ అనే మందును ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు 2006లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించింది.

రైతు కుటుంబాలకు అర్థమయ్యేట్టు చెబుతాను. కణం మీద ఒక బయటి స్విచ్ ఉంటుంది. అది నొక్కితే లోపల కేరాస్ అనే స్టార్టరు పని చేసి, కణం చీలే మోటారు తిరుగుతుంది. ఈ మందు బయటి స్విచ్‌ను ఎవరూ నొక్కకుండా మూసిపెడుతుంది. అయితే కేరాస్ స్టార్టరే లోపల అతుక్కుపోయి ఉంటే? బయట ఎంత మూసినా బోరు మోటారు తిరుగుతూనే ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి సుమారు 40 మందికి కేరాస్ అలా చెడి ఉంటుంది. వారికి ఈ మందు పని చేయదని 2008లో స్పష్టమైంది. అంటే అనుమతి వచ్చిన తరువాత రెండేళ్ళు, పనికిరానివారికి కూడా ఇచ్చారు. మన దగ్గర ఎక్కువగా వాడే సెటుక్సిమాబ్ అనే మందుకు కూడా ఇదే వర్తిస్తుంది.

కాబట్టి పెద్దాసుపత్రిలో ఈ జాతి మందు రాస్తే, ఎకరం అమ్మకానికి పెట్టే ముందు, వడ్డీకి తెచ్చే ముందు, "సార్, గడ్డ ముక్క మీద రాస్ పరీక్ష చేశారా, ఏం వచ్చింది?" అని అడగండి. ఆ మాట అడిగితే మంచి డాక్టరు ఎవరూ కోపం చేసుకోరు. ఈ పరీక్ష గడ్డ ముక్క మీద చేసేది. ఇందులో తేలిన దోషం ఆ గడ్డలోదే, పిల్లలకు పోయేది కాదు. ఈ తేడా తెలియక కొందరు రిపోర్టులో "మ్యుటేషన్" అనే మాట చూసి ఇల్లంతా బెంబేలు పడతారు.

276 గడ్డలు

2006లో అమెరికాలో క్యాన్సర్ జినోమ్ అట్లాస్ అనే పెద్ద పథకం మొదలైంది. ఒక్కొక్క రకం క్యాన్సర్ గడ్డలను తీసుకొని, వాటి రాతను రోగి మామూలు కణాల రాతతో పోల్చి చదవడం దాని పని. పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ల భాగానికి నాయకత్వం వహించినవారిలో కుచెర్లపాటి గారు ఒకరు. 276 గడ్డలను పరిశీలించిన ఫలితం 2012లో వెలువడింది. పెద్దపేగు క్యాన్సర్, దాని చివరి భాగమైన పురీషనాళం క్యాన్సర్ జన్యువుల లెక్కన దాదాపు ఒకటే అని తేలింది. నూటికి 16 గడ్డలలో మాత్రం రాత తప్పులు విపరీతంగా ఉన్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులలో దిద్దే పని చెడిన గుర్తులు కనబడ్డాయి. అందులో ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చింది కాదు, వయసులో ఎం.ఎల్.హెచ్.1 జన్యువు మూతపడిపోవడం వలన జరిగినది.

ఇది మనకు ఊరటనిచ్చే సంగతి. గడ్డ రిపోర్టులో "ఎం.ఎల్.హెచ్.1 లేదు" అని వచ్చినంత మాత్రాన వంశదోషం అని అనుకోకూడదు. ఇంకొక పరీక్ష, ఆ తరువాత అవసరమైతే రక్తపరీక్ష చేసి తేలుస్తారు. ఇలాంటి గడ్డలకు రోగనిరోధక శక్తిని లేపే కొత్త మందులు బాగా పని చేస్తాయని కూడా తేలి, 2017 నుండి వాడుకలోకి వచ్చాయి. ఖరీదు మాత్రం ఎక్కువ.

మన హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థ పరిశోధకులు కూడా చిన్న వయసులో వచ్చే పురీషనాళ క్యాన్సర్ మీద పని చేశారు. ఈ జబ్బు అమెరికావాళ్ళదే అనుకోనవసరం లేదు.

తెలుసుకొని ఏం లాభం?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "తెలిస్తే భయమే గద సిస్టర్" అంటారు. దీనికి ఫిన్లాండ్ దేశం నుండి సరైన జవాబు ఉంది. లించ్ కుటుంబాలకు చెందిన 252 మందిని అక్కడి డాక్టర్లు 15 ఏళ్ళు గమనించి 2000లో ఫలితం చెప్పారు. మూడేళ్ళకొకసారి గొట్టం పరీక్ష చేయించుకున్న 133 మందిలో 8 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. చేయించుకోని 119 మందిలో 19 మందికి వచ్చింది. ఆ క్యాన్సర్‌తో మరణించినవారు పరీక్ష చేయించుకున్నవారిలో ఒక్కరూ లేరు. చేయించుకోనివారిలో 9 మంది. గొట్టం పరీక్ష అంటే కొలనోస్కోపీ. పేగు లోపలి గోడ మీద పుట్టే చిన్న కండ ముక్కలను క్యాన్సర్ కాకముందే చూసి అప్పుడే తీసేస్తారు. నేడు ఇలాంటి కుటుంబంలో దోషం ఉన్నవారికి సాధారణంగా 20, 25 ఏళ్ళ వయసు నుండే, ఒకటి రెండేళ్ళకొకసారి చేయించమంటారు. ఏ జన్యువులో దోషం ఉందో దాన్ని బట్టి వయసు మారుతుంది.

ఇక సంబంధాల భయం. 2010లో అమెరికా అధ్యక్షుడు ఒబామా నియమించిన జీవనీతి సంఘంలో కుచెర్లపాటి గారు సభ్యులుగా ఉండేవారు. ఆ సంఘం 2012లో జన్యు పరీక్షల రహస్యం గురించే ఒక నివేదిక ఇచ్చింది. మనిషి అనుమతి లేకుండా అతని జన్యురాతను చదవకూడదు, చదివినది బయటపెట్టకూడదు అన్నది దాని సారం. మన ఆసుపత్రిలోనూ నియమం అదే. కేసు షీటులో మీరు చెప్పినది పక్క మంచం వారికి తెలియదు, ఊరికీ తెలియదు. అనుమానం ఉంటే ఎంతమంది ఉన్నా "సిస్టర్, వేరేగా మాట్లాడాలి" అనండి. గది తలుపు వేసి రాసుకుంటాము. కానీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు మీరే చెప్పాలి. మేము వెళ్ళి చెప్పము, చెప్పకూడదు.

ఇంటి చరిత్ర ఎలా రాసుకోవాలి

మన ప్రాంతంలో ఇది సులువు కాదు. పాలమూరు వలసల వలన ఒకరు బొంబాయిలో, ఒకరు పూణేలో చనిపోయి ఉంటారు. జబ్బు పేరు ఎవరికీ తెలియదు. "కామెర్లు", "కడుపుల గడ్డ", "ఎవరో చేసిన్రు" అని చెబుతారు. అయినా వయసు, జబ్బు ఏ భాగంలో, ఎంతకాలం మంచం పట్టారు అన్న మూడు సంగతులు తెలిస్తే చాలావరకు డాక్టరు ఊహించగలరు. తండ్రి వైపు, తల్లి వైపు రెండూ రాయండి. చాలామంది తల్లి వైపు వదిలేస్తారు.

ఆడవారి విషయంలో ఒకటి అడుగుతాను. మన దగ్గర చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు ఎంతోమంది. ఎందుకు తీశారని అడిగితే "పుండు అయింది" అంటారు. నిజంగా పుండేనా, క్యాన్సరా? లించ్ కుటుంబాలలో గర్భసంచి క్యాన్సర్ కూడా వస్తుంది కాబట్టి ఆ తేడా ముఖ్యం. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపిన బయాప్సీ కాగితం ఉంటే పారేయకండి. ముట్లు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే వారం కూడా ఆగవద్దు.

దగ్గరి బంధువులలో ముగ్గురికి, రెండు తరాలలో, కనీసం ఒకరికి 50 ఏళ్ళలోపు పేగు లేదా గర్భసంచి క్యాన్సర్ వచ్చి ఉంటే అది బలమైన అనుమానం. ఒక్కరికే అయినా చిన్న వయసులో వచ్చి ఉంటే చెప్పండి.

మలంలో రక్తం పడితే మొలలే అనుకొని గోడ మీద బోర్డు చూసి దారం కట్టించుకోవడానికి పోయే అలవాటు మన ఊళ్ళలో చాలా ఉంది. నాకు దీని మీద నిజంగా కోపం. మొలలు కావచ్చు. కానీ డాక్టరు వేలితో పరీక్ష చేయకుండా మొలలని ఎవరూ చెప్పలేరు. రక్తం పడటం, మూడు వారాలు దాటి మలవిసర్జన అలవాటు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మగవారిలో రక్తహీనత ఉంటే ముప్పై ఏళ్ళవారైనా చూపించుకోవాలి.

అనుమానం ఉన్నవారిని డాక్టరు గారు కొలనోస్కోపీకి పంపుతారు. గద్వాల వైపు వారు ఎక్కువగా కర్నూలుకు, మిగిలినవారు మహబూబ్‌నగర్‌కు, హైదరాబాదుకు వెళుతుంటారు. క్యాన్సర్ చికిత్సకు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. వంశపారంపర్య విషయాలకు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ సంగతి చాలామందికి తెలుసు. పరీక్షలలో ఏది పథకం కింద వస్తుందో చేయించుకునే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

చివరగా బ్లాకు సంగతి. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను ల్యాబు వారు మైనపు దిమ్మలో పెట్టి దాచుతారు. నేను పైన చెప్పిన నాలుగు జన్యువుల పరీక్ష ఆ దిమ్మ మీదనే మొదలవుతుంది. రోగి చనిపోయినా దిమ్మ కొన్నేళ్ళు ఉంటుంది. అది బ్రతికి ఉన్న పిల్లలకు పనికి వస్తుంది. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో బయాప్సీ నంబరు చూపించి, దరఖాస్తు రాసి ఇస్తే, బ్లాకు ఇస్తారు. నంబరు రిపోర్టు పైభాగంలో ఉంటుంది. రిపోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డు, ఆధార్ కార్డులతో పాటు దాచండి. మడతలు పడి నంబరు చెరిగిపోయిన కాగితాలు మా దగ్గరకు చాలా వస్తున్నాయి.